మోటార్‌హోమ్‌లో చీరల డబ్బాలు, ట్యాంకులో ఎర్ర డీజిల్

ప్రశ్న

డాలస్ శివారు నుంచి ఒకరు రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు యాభైకి దగ్గర పడింది. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక భార్యాభర్తలిద్దరూ ముచ్చటపడి మంచం, వంటగది ఉండే ఇల్లులాంటి బండి, ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ మోటార్‌హోమ్ కొన్నారు. రెండు యాక్సిళ్ల బండి. డ్రైవరు సీటు పక్కనున్న ప్లేటు మీద గరిష్ఠ బరువు 32,000 పౌండ్లని ఉంది. మొదటి వేసవిలో ఎల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చారు. "పెళ్లయ్యాక మేమిద్దరం అంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ ప్రయాణంలోనే" అని రాశారు.

తరవాత ఆమె చీరల వ్యాపారం మొదలుపెట్టారు. మంగళగిరి, ఉప్పాడ, గద్వాల నుంచి చీరలు తెప్పించి, ఉగాదికి, బతుకమ్మకి, సంక్రాంతికి తెలుగు సంఘాలు జరిపే మేళాల్లో స్టాల్ పెడతారు. ఏడాదికి నాలుగైదు మేళాలు. హ్యూస్టన్, ఆస్టిన్ కాకుండా అట్లాంటా కూడా వెళ్తున్నారు. హోటల్ ఖర్చు ఉండదు, వంట చేసుకోవచ్చు, సరుకంతా ఒక్కచోట పడుతుంది అని మోటార్‌హోమ్‌లోనే ప్రయాణం. దుకాణం పేరు, ఫోన్ నంబరు ఉన్న బ్యానరు బండి పక్కన అంటించారు. కిందటేడు ఆదాయ పన్ను రిటర్నులో ఆమె వ్యాపారం లాభనష్టాలు రాసే స్కెడ్యూల్ సి మీద మోటార్‌హోమ్ డీజిల్ ఖర్చు కూడా చూపించారు.

ఆమె అన్నగారికి ఊరవతల పొలం ఉంది. అక్కడ ట్రాక్టర్లకని పన్ను లేకుండా వచ్చే ఎర్ర డీజిల్ ట్యాంకు పెట్టుకున్నారు. "బంకులో అంత పోసి కొనడం ఎందుకు బావా, ఇక్కడ నింపుకో, ఎవరొచ్చి చూస్తారు" అని ఆయనే స్వయంగా 40 గ్యాలన్లు పోశారట, డబ్బు తీసుకోకుండా. ఆ డీజిల్‌తోనే అట్లాంటా బయల్దేరారు. దారిలో లూసియానాలో ఒక పోలీసు అధికారి వెనక లైటు వెలగడం లేదని ఆపాడు. బ్యానరు చూసి సామాను అర తెరవమన్నాడు. ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి, లోపల చీరలకి ధర చీటీలు. "ఇఫ్టా స్టిక్కరు ఏది?" అని అడిగాడు. ఈయనకి ఆ మాటే కొత్త. చివరికి ఒక హెచ్చరిక కాగితం రాసిచ్చి పంపేశాడు. ట్యాంకు జోలికి పోలేదు. "అతను ట్యాంకు మూత పక్కనుంచి నడిచినప్పుడు నా కాళ్లు వణికాయి" అని రాశారు.

ఇంటికొచ్చాక ఆయన రెండు మాటలు అన్నారు: బావగారి డీజిల్ ఇక వద్దు, చీరలు ఇక మోటార్‌హోమ్‌లో వద్దు. దాంతో గొడవ. "మా అన్నయ్య ప్రేమతో పోస్తే ఆయన్ని దొంగని చేస్తున్నారు. నా వ్యాపారమంటే మీకు మొదట్నుంచీ చులకన" అని ఆమె అన్నారు. అన్నగారు ఫోన్ చేయడం మానేశారు. బతుకమ్మకి అట్లాంటాలో స్టాల్ బుక్ అయిపోయింది. ఆయన అడిగినవి ఇవి: "ఆర్‌వీలకి, అంటే మోటార్‌హోమ్ లాంటి విహారపు బండ్లకి మినహాయింపు ఉందని అందరూ అంటారు, మాకు ఉన్నట్టా లేనట్టా? పోసుకున్న డీజిల్ సంగతేమిటి? బండి అమ్మేయడమే మేలా? ఇంట్లో ఈ సంగతి ఎలా చెప్పాలి?"

సమాధానం

మీరు భయపడింది అనవసరంగా కాదు. అయితే మీ భయమంతా ఒక్క ముద్దగా ఉంది, అందులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. ఎర్ర డీజిల్ ఒకటి, రాష్ట్రాల మధ్య డీజిల్ పన్ను సర్దే ఇఫ్టా ఇంకొకటి. ఒకదానికి సర్దుబాటే లేదు. రెండోదానికి చాలా దారులున్నాయి. మీ ఇంట్లో గొడవ పెరగడానికి కూడా ఈ రెంటినీ కలిపి ఒకే ఊపులో "వద్దు" అనడమే కారణమని నాకు అనిపిస్తోంది. మీ భార్యకి ఆ మాట అన్నగారి మీద ఒక దెబ్బగా, వ్యాపారం మీద ఇంకో దెబ్బగా తగిలింది. కాబట్టి ముందు వీటిని విడదీద్దాం.

ఎర్ర డీజిల్ సంగతి. రంగు తప్ప అది మామూలు డీజిలే, ఇంజనుకి చేసే హాని ఏమీ లేదు. తేడా అంతా పన్నులో ఉంది. బంకులో మీరు కొనే ప్రతి గ్యాలను డీజిల్ ధరలో 24.4 సెంట్ల ఫెడరల్ పన్ను, టెక్సాస్‌లో అయితే ఇంకో 20 సెంట్ల రాష్ట్ర పన్ను కలిసి ఉంటాయి. ఫెడరల్ పన్నులో చాలా భాగం 1956లో ఏర్పాటైన హైవే నిధికి వెళ్తుంది. మీరు అట్లాంటాకి వెళ్లిన ఐ-20 లాంటి రోడ్లకి డబ్బు అక్కణ్ణుంచే. పొలం దున్నే ట్రాక్టరు ఆ రోడ్డు ఎక్కదు కాబట్టి రైతుకి ఆ పన్ను లేకుండా డీజిల్ ఇస్తారు, అది రోడ్డు మీది బండ్లలోకి జారిపోతే తెలిసేలా 1994 నుంచి ఎర్ర రంగు కలుపుతున్నారు. మన రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు ఎందుకు కలిపేవారో మీకు గుర్తుండే ఉంటుంది. లారీల వాళ్లు, ఆటోల వాళ్లు డీజిల్‌లో కలుపుకోకుండా. ఇక్కడా అదే ఏర్పాటు, అంతకు మించి రహస్యం లేదు.

అందువల్ల మీ బావగారు ఎర్ర డీజిల్ ఉంచుకోవడంలో ఏ తప్పూ లేదు. ట్రాక్టరుకి, పొలంలో పంపుకి, కదలకుండా ఒక్కచోట ఉండే జెనరేటరుకి అది న్యాయమైన ఇంధనం. రోడ్డు మీద నడవడానికి రిజిస్టరైన బండి ట్యాంకులో పడిన క్షణమే అది తప్పవుతుంది. ఇక్కడ ఆర్‌వీ అన్న పేరు మీకు అక్కరకు రాదు. విహారానికా వ్యాపారానికా అన్న తేడా కూడా దీనికి పట్టదు. మీరు ఎల్లోస్టోన్‌కే వెళ్తున్నా తప్పు తప్పే.

డబ్బు లెక్క ఒకసారి చూడండి. 40 గ్యాలన్ల మీద ఫెడరల్ పన్ను 9 డాలర్ల 76 సెంట్లు, టెక్సాస్ పన్ను 8 డాలర్లు. మొత్తం 17 డాలర్ల 76 సెంట్లు. పట్టుబడి ఉంటే ఫెడరల్ జరిమానా గ్యాలనుకి 10 డాలర్లు లేదా 1,000 డాలర్లు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. మీ 40 గ్యాలన్లకి గ్యాలను లెక్కన 400 అవుతుంది కాబట్టి వెయ్యి పడేది. రెండోసారి పట్టుబడితే ఆ వెయ్యి ఇంకా పెరుగుతుంది. రాష్ట్రాలు తమ జరిమానాలు విడిగా వేస్తాయి. అధికారి అడిగినప్పుడు ట్యాంకు చూపించనంటే అందుకు కూడా వెయ్యి డాలర్ల ఫెడరల్ జరిమానా ఉంది. ఈ అంకెలు మీ భార్యకి చూపించండి. పద్దెనిమిది డాలర్ల కోసం ఎవరూ తెలిసి తెలిసి ఇంత నెత్తిన వేసుకోరు. తెలియక జరిగిందంతే.

బావగారి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, మీరు బహుశా ఆలోచించి ఉండరు. టెక్సాస్‌లో రైతు ఎర్ర డీజిల్ పెద్ద మొత్తంలో పన్ను లేకుండా కొనాలంటే, దాన్ని రోడ్డు బండ్లలో పోయనని సంతకం పెట్టిన కాగితం అమ్మేవాడికి ఇవ్వాలి. ఆ సంతకం మీ బావగారిది. రోడ్డు బండికని తెలిసి ఎర్ర డీజిల్ అమ్మినవాళ్లకి కూడా ఫెడరల్ జరిమానా ఉంది. ఆయన మీ దగ్గర డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆ మాట అలా ఉంచినా, ఆయన పేరు మీదున్న ఆ కాగితం మాత్రం ఎక్కడికీ పోదు. మీరు వద్దనడం వల్ల నిలబడేది ముందు ఆయన సంతకమే. ఇంట్లో చెప్పాల్సింది ఈ మాట అని నా అభిప్రాయం. "మీ అన్నయ్య తప్పు చేశాడు" అన్న మాటకి, "మన వల్ల మీ అన్నయ్య ఇరుక్కోకూడదు" అన్న మాటకి ఎంత తేడా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా రెండోదే నిజం.

ఇక ట్యాంకులో మిగిలినదాని విషయం. పైన మామూలు డీజిల్ నింపేస్తే రంగు పలచబడి కనిపించకుండా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొంచెం రంగు ఉన్నా పరీక్షలో తెలుస్తుంది. ఏదో పొడి వేసి, వడగట్టి రంగు తీసేయవచ్చని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. కావాలని రంగు మార్చడం చట్టంలో విడిగా ఒక నేరం, దానికీ అదే జరిమానా. శుభ్రమైన దారి ఒకటే. డీజిల్ బండ్లు చూసే మెకానిక్ దగ్గర ట్యాంకు పూర్తిగా తీయించి, ఫ్యూయల్ ఫిల్టర్లు మార్పించి, బంకులో పన్ను కట్టిన డీజిల్ పోయించండి. తీసిన డీజిల్ బావగారి ట్రాక్టరుకి నిక్షేపంగా పనికొస్తుంది. మెకానిక్ బిల్లు, బంకు రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. రోడ్డు మీద కాలిపోయిన దాని పన్ను కట్టేయాలని మీకనిపిస్తే, అలా అనిపించడం మంచిదే, ఎక్సైజ్ పన్నులకి ఫెడరల్ ప్రభుత్వానికి ఫారం 720 ఉంది, టెక్సాస్ వాటా రాష్ట్ర పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసుది. ఇంత చిన్న మొత్తానికి మీ కేసులో ఏది ఎలా నింపాలో మీ పన్నుల లెక్కలు చూసే అకౌంటెంటు (సీపీఏ) చూసుకుంటారు.

ఈ సందర్భంలో ఇంకో చిన్న జాగ్రత్త చెప్పాలి. పెద్ద బండి కాబట్టి మీరు ట్రక్‌స్టాపుల్లో లారీల వైపు పంపుల దగ్గర డీజిల్ పోయించుకునే ఉంటారు. అక్కడ కార్డు పెట్టగానే తెర మీద "ట్రాక్టరా, రీఫరా" అని అడుగుతుంది. ట్రాక్టరంటే లారీ ఇంజను. రీఫరంటే వెనక ట్రైలరుని చల్లగా ఉంచే యంత్రం, అది బండిని నడపదు కాబట్టి దానికి పోసే డీజిల్‌కి పన్ను వేరు, చాలాచోట్ల అదీ ఎర్రదే. ధర తక్కువ కనిపించిందని అటు వేలు పోనివ్వకండి. మీ మోటార్‌హోమ్‌కి ఎప్పుడూ మొదటిదే.

ఇప్పుడు ఆ అధికారి అడిగిన స్టిక్కరు సంగతికి వద్దాం. ఇఫ్టా అంటే అంతర్జాతీయ ఇంధన పన్ను ఒప్పందం. అలాస్కా, హవాయి తప్ప 48 రాష్ట్రాలు, కెనడాలోని 10 ప్రావిన్సులు ఇందులో ఉన్నాయి. లారీ టెక్సాస్‌లో డీజిల్ నింపుకుని జార్జియా రోడ్ల మీద తిరిగితే పన్ను టెక్సాస్‌కి పోతుంది, రోడ్డు అరిగేది జార్జియాది. ఆ తేడా సర్దడానికి పెద్ద బండ్ల యజమానులు మూడు నెలలకోసారి ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు నడిపారో, ఎక్కడ ఎన్ని గ్యాలన్లు కొన్నారో సొంత రాష్ట్రానికి లెక్క చెప్తారు. ఎక్కువ తక్కువలు రాష్ట్రాలు వాటిలో అవి సర్దుకుంటాయి. బరువు 26,000 పౌండ్లు దాటిన బండ్లు, బరువుతో పని లేకుండా మూడు, అంతకు మించి యాక్సిళ్లున్న బండ్లు ఒకటికి మించి రాష్ట్రాల్లో తిరిగితే ఈ లెక్కలోకి వస్తాయి. వెనక ఏదైనా తగిలిస్తే రెంటి బరువు కలిపి చూస్తారు. మీది 32,000. కాబట్టి బరువు ప్రకారం మీరు లోపలే ఉన్నారు.

మిమ్మల్ని బయట ఉంచేది ఆర్‌వీ మినహాయింపు ఒక్కటే. అందరూ "ఆర్‌వీలకి ఇఫ్టా లేదు" అని సగం చెప్పి వదిలేస్తారు. ఒప్పందంలో ఉన్న మాట ఇంకా గట్టిది: మోటార్‌హోమ్ అయినా, క్యాంపరు తగిలించిన పికప్ అయినా, బస్సు అయినా, ఒక వ్యక్తి కేవలం తన సొంత సరదాకి వాడుకుంటేనే ఆర్‌వీ. ఏ వ్యాపార ప్రయత్నానికీ సంబంధం ఉండకూడదు. లోపల మంచం, వంటగది ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎల్లోస్టోన్‌కి వెళ్లిన రోజున మీ బండి ఆర్‌వీ. ధర చీటీలున్న చీరలతో అట్లాంటాకి బయల్దేరిన రోజున కాదు. బ్యానరు తీసేసినా ఈ సంగతి మారదు, బ్యానరు వల్ల అధికారికి సులువుగా తెలిసిందంతే. చీరలు పార్సిల్‌లో పంపించి, మీరిద్దరు మాత్రం స్టాల్ నడపడానికి మోటార్‌హోమ్‌లో వెళ్లినా సందేహమే, ఎందుకంటే ఆ ప్రయాణం వ్యాపారం కోసమే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది స్కెడ్యూల్ సి మాట. వ్యాపారం కోసం వెళ్లిన ప్రయాణానికి డీజిల్ ఖర్చు చూపించడం తప్పు కాదు, రికార్డులు ఉంటే అది మీ హక్కు. కానీ ఒకే ప్రయాణాన్ని ఆదాయ పన్ను వాళ్ల దగ్గర వ్యాపారమని, రోడ్డు మీద అధికారి దగ్గర విహారమని చెప్పలేరు. ఆ రిటర్ను మీద మీ ఇద్దరి సంతకాలున్నాయి. రేపు ఎవరైనా అడిగితే "మాది సొంత సరదా బండి" అన్న మాటకి ఎదురు సాక్ష్యం మీరే రాసిచ్చినట్టు. కాబట్టి ఇకపై ఏది ఎంచుకున్నా, రెండు చోట్లా ఒకే మాట ఉండాలి. నా దృష్టిలో మీరు తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న ఇది: ఈ బండి ఏ పనికి? ఇది తేలితే పన్నులు, పర్మిట్లు, లైసెన్సులు వాటంతటవే ఒక వరసలో పడతాయి.

మీ ముందున్న దారుల్లో మొదటిది, మోటార్‌హోమ్‌ని పూర్తిగా ఇంటికే వదిలేయడం. విహారానికి తప్ప దేనికీ కదపరు. మేళాలకి సరుకు వేరే బండిలో వెళ్తుంది. 10,000 పౌండ్లు దాటని మామూలు కార్గో వ్యాన్ అద్దెకి తీసుకుంటే ఇఫ్టా లేదు, దాన్ని నడపడానికి మీకిప్పుడున్న లైసెన్సే ఎక్కువ. బంకులో పోయించుకున్నప్పుడే పన్ను కట్టినట్టు, అక్కడితో అయిపోయింది. వ్యాన్ అద్దె, హోటల్ గది పూర్తిగా వ్యాపార ఖర్చులు, స్కెడ్యూల్ సి మీద ధైర్యంగా రాసుకోవచ్చు. దీని నష్టం కూడా చెప్తాను. ప్రతి మేళాకీ ఖర్చు కొన్ని వందల డాలర్లు పెరుగుతుంది. రాత్రి స్టాల్ మూసి సొంత వంటగదిలో పప్పన్నం తినే సుఖం పోతుంది. అట్లాంటా మేళాలో ఆ ఖర్చంతా పోను ఎంత మిగులుతుందో మీ భార్య లెక్కేసి చూడాలి. ఆ లెక్క ఆమె వేయాలి, మీరు వేసి చూపించకూడదు.

రెండోది, మోటార్‌హోమ్‌ని ఒప్పుకుని వ్యాపార బండిగా మార్చడం. టెక్సాస్ కంప్ట్రోలర్ ఆఫీసులో ఇఫ్టా లైసెన్సు తీసుకుని బండికి రెండు పక్కలా స్టిక్కర్లు అంటించాలి. మూణ్ణెల్లకోసారి రిటర్ను వేయాలి: మార్చి త్రైమాసికానికి ఏప్రిల్ 30, జూన్‌ది జూలై 31, సెప్టెంబరుది అక్టోబరు 31, డిసెంబరుది జనవరి 31. ఏ త్రైమాసికంలో బండి కదలకపోయినా సున్నాలతో రిటర్ను వేయాల్సిందే. మైళ్లు, రసీదుల రికార్డు నాలుగేళ్లు దాచాలి. కట్టాల్సిన పన్ను తేడా మాత్రం చాలా తక్కువ. డాలస్ నుంచి అట్లాంటా దాదాపు 800 మైళ్లు, గ్యాలనుకి 7 మైళ్లు వచ్చే బండికి 115 గ్యాలన్ల లోపే. గ్యాలనుకి కొన్ని సెంట్ల తేడా ఎంతవుతుంది? ఈ దారిలో భారం పన్నుది కాదు, కాగితాలది. అంతకంటే పెద్ద విషయం లైసెన్సు. 26,001 పౌండ్లు, ఆ పైన ఉన్న బండిని వ్యాపారానికి నడిపితే సీడీఎల్, అంటే వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు కావాలి, దానికి పరీక్ష, వైద్య ధ్రువపత్రం. రాష్ట్రాలు దాటి సరుకు తీసుకెళ్తున్నారు కాబట్టి ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే డీఓటీ నంబరు, అన్ని రాష్ట్రాలకి చెల్లే నంబరు ప్లేట్లు, వ్యాపార ఇన్సూరెన్సు కూడా వచ్చి చేరతాయి. నాలుగైదు మేళాల కోసం ఇంత చేయడం నాకైతే సబబుగా తోచడం లేదు. ఆమె వ్యాపారం పెరిగి నెలకి రెండు మూడు ఊళ్లు తిరిగేలా ఉంటే అప్పుడు ఆలోచించదగ్గదే.

(పనిలో పనిగా ఒకటి సరిచూసుకోండి. సొంత విహారానికి నడిపినా 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్‌కి టెక్సాస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్సు చాలదు, సీడీఎల్ కాని క్లాస్ బి కావాలి. బండి అమ్మేవాళ్లు చాలామంది ఈ మాట చెప్పరు.)

మూడోది, ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకి రాష్ట్రాలు అమ్మే తాత్కాలిక ఇంధన పర్మిట్లు. ఇఫ్టా లైసెన్సు లేని పెద్ద బండి ఆ రాష్ట్రంలో కొద్ది రోజులు తిరగడానికి పనికొస్తాయి. కానీ మీ దారిలో లూసియానా, మిసిసిపి, అలబామా, జార్జియా ఉన్నాయి, దేని పర్మిటు దానికే. ఇవన్నీ కొన్నా సీడీఎల్, ఇన్సూరెన్సు సమస్యలు అలాగే ఉంటాయి. బతుకమ్మ స్టాల్ బుక్ అయింది కదా అని ఈ సారికి ఇలా గట్టెక్కుదామనిపించవచ్చు. ఒక్క డీజిల్ పన్ను వరకు చూస్తే గట్టెక్కుతారు కూడా. దారిలో ప్రమాదం జరిగి, లోపల చీరల సరుకు ఉందని తెలిసి ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తే పర్మిట్లు ఏం చేస్తాయి? మీ పాలసీ తీసి వ్యాపార వాడకం గురించి ఏం రాసుందో ఒకసారి చదవండి. ఇది నాకు డీజిల్ జరిమానా కన్నా ఎక్కువ గుబులు పుట్టించే విషయం.

నాలుగోది, మేళాలని టెక్సాస్‌కే పరిమితం చేసుకోవడం. రాష్ట్రం దాటకపోతే ఇఫ్టా ఉండదు. హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో, డాలస్ చుట్టుపక్కల మన వాళ్లు తక్కువేం లేరు. అయినా ఆ బండిలోనే సరుకు తీసుకెళ్తే లైసెన్సు, ఇన్సూరెన్సు, వ్యాపార రిజిస్ట్రేషను ప్రశ్నలు రాష్ట్రం లోపల కూడా ఉంటాయి, వాటికి టెక్సాస్ మోటారు వాహనాల శాఖని అడగాలి. అట్లాంటా మార్కెట్ వదులుకోవడం ఆమెకి ఎంత కష్టమో కూడా చూడాలి. అక్కడ ఏడాదికోసారి ఆమె కోసమే వచ్చే కొనుగోలుదారులు ఉండి ఉంటే, ఆ మాట మీ లెక్కల్లో కనిపించదు.

బండి అమ్మేయాలా అన్నారు. నేనైతే ఇప్పుడే అమ్మమనను. దాని వల్ల మీకు చిక్కు రాలేదు, దానితో చేసిన రెండో పని వల్ల వచ్చింది. ఎల్లోస్టోన్ ప్రయాణం గురించి మీరు రాసిన ఒక్క వాక్యం చదివితే, ఆ బండి మీ ఇద్దరికీ ఏమిటో తెలుస్తోంది. ఏడాది పాటు విహారానికి మాత్రమే వాడి చూడండి. షెడ్డు అద్దె, ఇన్సూరెన్సు కట్టి మరీ రెండుసార్లు కూడా తీయలేకపోతే అప్పుడు అమ్మకం సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇక ఇంట్లో మాట. "నా వ్యాపారమంటే మీకు చులకన" అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగండి. డీజిల్ గొడవలో పైకి వచ్చినా ఆ మాట డీజిల్‌ది కాదు. మీరు రోడ్డు పక్కన నిలబడి వణికినప్పుడు ఆమె కూడా పక్కనే ఉన్నారు. ఆమె మడతపెట్టి సర్దిన చీరలని ఒక అపరిచితుడు టార్చి వేసి చూశాడు. ఇంటికొచ్చాక భర్త నోట మొదట వచ్చిన మాట "చీరలు ఇక వద్దు." మీ మనసులో ఉన్నది "మోటార్‌హోమ్‌లో వద్దు" అని నాకు తెలుసు, ఆమెకి వినపడింది అది కాదు. కాబట్టి ఈసారి మాట్లాడేటప్పుడు ఏది ఆపాలన్న దగ్గర మొదలుపెట్టకండి, అట్లాంటాకి ఎలా వెళ్దామన్న దగ్గర మొదలుపెట్టండి. ఆమె స్టాల్ బుక్ చేశారు, వెళ్లడం ఖాయం, ఎలా అన్నదే ప్రశ్న. ఆమె ఏ దారి ఎంచుకున్నా మీరు డ్రైవరుగా వస్తానని చెప్పండి, సీడీఎల్ దారి ఒక్కటి తప్ప. అందులో మీరు పరీక్షకి కూర్చోవాలి కాబట్టి, దాని మీద నిర్ణయం మీది కూడా.

బావగారి దగ్గరికి మాత్రం ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లండి. ఆమెని కూడా తీసుకెళ్లండి. ఆయన తన ట్యాంకులోంచి ఉచితంగా పోశారు, చెల్లెలి వ్యాపారానికి తనవంతు సాయం అనుకునే పోసి ఉంటారు. ముందు ఆ సాయానికి కృతజ్ఞత చెప్పండి. తరవాత ఆయన సంతకం పెట్టిన ఆ కాగితం సంగతి, లూసియానాలో జరిగింది చెప్పండి. ఆయన రైతు, ఎర్ర డీజిల్ నియమాలు ఆయనకి మీకన్నా బాగానే తెలిసి ఉంటాయి, ఇంత దూరం వస్తుందని అనుకోలేదంతే. ఆయన కోపంగానే ఉంటే కొంత కాలం ఉండనివ్వండి, ఆయన్ని ఒప్పించే బాధ్యత మీ భార్య మీద పెట్టకండి.

ఆ హెచ్చరిక కాగితం పారేయకండి. కిందటేటి రిటర్ను, డీజిల్ రసీదులు, మెకానిక్ బిల్లు, ఇన్సూరెన్సు పాలసీ, ఇవన్నీ ఒక కవర్లో పెట్టి సీపీఏ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. వ్యాపారం ఆమెది, కాబట్టి అక్కడ ప్రశ్నలు ఆమే అడగాలి. వ్యాన్ దారి ఎంచుకుంటే పండగ రోజుల్లో అద్దె వ్యాన్లు తొందరగా అయిపోతాయి, ఈ వారమే బుక్ చేసుకోండి. ఎన్ని డబ్బాలు, ఏ సైజు వ్యాన్ పడుతుందో ఆమెనే కొలిచి చెప్పమనండి.